ఇవ్వలేదని రాయి

మా పిల్లల ఆసుపత్రి ల్యాబులో ఒకావిడ పనిచేసేది. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ ఆవిడ ఆగమ్మ. జ్వరంతో వచ్చిన పసిబిడ్డకి యాంటీబయాటిక్ ఎక్కించడానికి మేం సిరంజీ చేతిలోకి తీసుకున్నామో లేదో, వరండా ఆ చివర నుంచి "ఆగండి, ఆగండమ్మా" అని ఒక కేక వచ్చేది. కేక వెనకే చెప్పుల టపటప, దాని వెనకే ఆవిడ, చేతిలో ట్రే, ట్రేలో కల్చర్ సీసాలు. ముందు రక్తం తియ్యాలి, ఆ తర్వాతే మందు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆవిడ మాతో పెట్టుకున్న గొడవలన్నీ ఈ ఒక్క మాట మీదే.

నేను అదే ఆసుపత్రిలో వార్డు నర్సుని. వయసులో ఆవిడకన్నా పదేళ్లు చిన్న. పోయినేడు ఆవిడ రిటైరైంది. ఈ మధ్య ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు భోజనాల గదిలో ఆవిడ పేరెత్తి గుసగుసలు పోతున్నారు, వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. వాళ్లకి తెలిసింది సగమే. మిగతా సగంలో నేనూ ఉన్నాను, ఆ సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

ముందు ఆ సీసాల సంగతి చెప్పాలి. జ్వరంతో పదిమంది చంటిపిల్లలు వస్తే పదిమందీ ఒకేలా ఉంటారు. ఒళ్లు కాలిపోతూ ఉంటుంది, పాలు తాగరు, ఏడుస్తారు. అందులో తొమ్మిది మందికి వైరస్ జ్వరం. నాలుగు రోజులు అమ్మ చంకన ఉంటే దానంతటదే పోతుంది. ఒక్కరికి మాత్రం రక్తంలో బ్యాక్టీరియా ఉంటుంది. ఆ ఒక్కరెవరో మొహం చూసి చెప్పగలిగిన మొనగాడు నాకింతవరకూ కనపడలేదు. అందుకే రక్తం తీసి, తేనె రంగు ద్రవం ఉన్న సీసాలో పోసి, ఒంటి వేడి ఉండే ఇంక్యుబేటర్ పెట్టెలో పెడతారు. క్రిములుంటే రెండు రోజుల్లో పెరిగి ద్రవం మసకబారుతుంది. లేకపోతే తేటగా ఉండిపోతుంది. అయితే రక్తం తీసేలోపే బిడ్డకి యాంటీబయాటిక్ పడిందనుకోండి, క్రిములు ఒంట్లో ఓ మూల బతికే ఉన్నా సీసాలో మాత్రం పెరగవు. సీసా తేటగా ఉంటుంది. మనం ఏమీ లేదనుకుంటాం.

ఆగమ్మకి ఈ తేట సీసాలంటే పడేది కాదు. ఇంక్యుబేటర్ లోంచి ఒకటి తీసి కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని, "ఇది నిజంగా ఏమీ లేని సీసానా, నోరు నొక్కేసిన సీసానా?" అని నన్నడిగేది. నాకేం తెలుసు. ఆ సందేహం తట్టుకోలేకే, శాంపిల్‌తో పంపే ఫారంలో ఒక ప్రశ్న పెట్టాలని పెద్ద డాక్టర్ చుట్టూ ఏడాదిన్నర తిరిగింది. చివరికి పెట్టించింది. 'ఇంతకు ముందు యాంటీబయాటిక్ ఇచ్చారా? ఇచ్చారు, ఇవ్వలేదు, తెలియదు.' మూడు గళ్లు. మొదటి కట్ట ప్రింటయి వచ్చిన రోజున ఒక ఫారం తీసి ల్యాబు గోడకి అంటించుకుంది.

చెయ్యి మాత్రం బంగారం ఆవిడది. ఆర్నెల్ల బిడ్డ చేతిలో నరం దొరక్క మేం నలుగురం చెమటలు కక్కుతుంటే, ఆవిడ వచ్చి ఆ బుల్లి చెయ్యి తన రెండు అరచేతుల మధ్య కాసేపు పెట్టుకునేది. చెయ్యి వెచ్చబడ్డాక వేలితో తడిమి, ఒక్క పోటుతో తీసేది. తీస్తున్నంతసేపూ బిడ్డతో కబుర్లు. "అయిపోయింది బంగారం, అయిపోయింది, మీ అమ్మని నేను తిడతాగా" అనేది. ఆ తర్వాత నిజంగానే తిట్టేది.

నోరుంది చూశారూ, అక్కడే వచ్చింది చిక్కంతా. బిడ్డకి జ్వరం రాగానే మందుల షాపుకి పరిగెత్తి ఏదో ఒక యాంటీబయాటిక్ సిరప్ పట్టించి, తగ్గకపోతే మా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ సంగతి తెలిసిందంటే ఆవిడ ఒంటికాలి మీద లేచేది. తల్లి చదువుకున్నదా, ఏడుస్తోందా, నిద్రలేక కళ్లు పీక్కుపోయి ఉందా, ఇవేవీ ఆవిడకి పట్టవు. వార్డు వార్డంతా వినపడేలా కడిగేసేది. దాంతో ఏమైందంటే, తల్లులందరూ ఒకటే జవాబు నేర్చుకున్నారు. ఇచ్చారా అంటే ఇవ్వలేదు. పక్క మంచం ఆవిడే చెవిలో చెప్పి పంపేది, లేదని చెప్పు, లేకపోతే ఆ ల్యాబావిడ నిన్ను బతకనివ్వదు అని. నేను ఇది నా చెవులతో విన్నాను.

ఆవిడ రిటైరవడానికి మూడేళ్ల ముందు ఆరో మంచం మీద రెండేళ్ల బాబు ఉండేవాడు. వాడి తల్లి ఇవ్వలేదంది. ఫారంలో నేను అలాగే టిక్కు పెట్టాను. రెండో రోజున మంచం కింద సంచిలో సగం తాగించిన సిరప్ సీసా ఆగమ్మ కంట పడింది. ఆ సీసా పైకెత్తి పట్టుకుని అందరి ముందూ ఆ తల్లి దుమ్ము దులిపింది. కన్నతల్లివేనా అంది, బిడ్డ కన్నా నీకు పరువెక్కువా అంది. ఆ తల్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. సాయంత్రం దాకా అన్నం ముట్టలేదు. నేను ఊరుకోలేక ల్యాబుకెళ్లి అడిగేశాను.

"నువ్వలా తిడితే నిజం ఎవరు చెప్తారక్కా?"

"నిజం చెప్పడానికి కూడా బతిమాలాలా?" అంది, తలెత్తకుండా.

ఇది జరిగిన మూడో రోజు నుంచీ ఆవిడ పనిలోకి రాలేదు. ఆవిడ సెలవు పెట్టడమంటే మాకదో వింత. ఆవిడకి ఒక్కతే కూతురు. కూతురికి బడికెళ్లే కొడుకూ, పదకొండు నెలల ఆడపిల్లా. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్తులు, పిల్లని పగలు క్రెష్‌లో దింపేవాళ్లు. పిల్లకి జ్వరమొచ్చింది, జ్వరం పిల్లని క్రెష్ వాళ్లు రానివ్వరు. అల్లుడు ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు, కూతురికి కొత్త ఉద్యోగం. అందుకని అమ్మమ్మ సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

సెలవు పెట్టిన మూడో రోజు పొద్దున్న పదింటికి పిల్లని ఎత్తుకుని వార్డులోకి వచ్చింది. కూతురు వెనకే సంచీ పట్టుకుని ఉంది. నూట రెండున్నర జ్వరం. దగ్గు లేదు, జలుబు లేదు. పిల్ల నీరసంగా ఉన్నా మనుషుల్ని చూస్తోంది, నా గడియారం పట్టుకోబోయింది. జ్వరానికి కారణం కనపడటం లేదు కాబట్టి రక్తం తియ్యాలి. నేను ఫారం తీసి వయసూ బరువూ రాశాను. మూడు గళ్ల ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది.

"ఈ ప్రశ్న నిన్నడిగితే నాకు కళ్లు పోతాయక్కా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. తలెత్తి ఎదురుగా చూసింది. ఎదురుగా ఆరో మంచం. ఆ బాబు తల్లి వాడికి సాక్సులు తొడుగుతూ మమ్మల్నే చూస్తోంది. ఆగమ్మ చూపు తిప్పుకుని పిల్ల దుప్పటి సర్దింది.

"రాయి. ఇవ్వలేదని రాయి" అంది.

రాశాను. ఇంకోసారి అడగాలని నాకు తోచలేదు. ఆరో మంచం సంగతి తర్వాత ఇంకెవరి బిడ్డయినా సంచీ చూసేదాన్ని, తల్లిని పక్కకి పిలిచి మెల్లగా కనుక్కునేదాన్ని. ఆ గడిలో టిక్కు నా చేత్తో పెట్టిందే.

పిల్లల డాక్టర్ వచ్చాడు. ఆయన నెమ్మదస్తుడు, తొందరపడి మాట అనడు. పిల్ల మాడు తడిమాడు, మెడ వంచి చూశాడు, చెవులు చూశాడు. మీ ఇంట్లో అలాంటిది జరగదని తెలుసు, అయినా అడగడం నా ధర్మం అని నవ్వుతూ ఆయన కూడా అదే అడిగాడు. ఆవిడ లేదన్నట్టు తలూపింది. మందు ముందే పడిన బిడ్డయితే ఒంట్లో ఉన్నది పైకి కనపడదని ఆయన వెన్నులోంచి నీరు తీయించి చూస్తాడు, సీసా ఏం చెప్పినా సూదిమందు ఆపడు. పడలేదంటే మాత్రం రక్తం తీసి, మందు మొదలుపెట్టి, రెండు రోజులు చూసి, సీసా తేటగా ఉంటే ఆపేస్తాడు. ఈ పద్ధతి ఆగమ్మకి నోటికొచ్చు. ఆయన చేత ఇది పట్టుబట్టి పాటింపజేసిందే ఆవిడ.

రక్తం తానే తీస్తానంది. నేను పిల్లని పట్టుకున్నాను. ఆ రెండు అరచేతుల మధ్య పిల్ల చెయ్యి ఎప్పటికన్నా ఎక్కువసేపు పెట్టుకుంది. మొదటి పోటు తప్పిపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ పోటు తప్పగా నేను చూడటం అదే మొదలు. సొంత మనవరాలు కదా, అందుకే అనుకున్నాను.

ఆ రెండు రోజులూ ఆవిడ సెలవులోనే ఉండి కూడా ల్యాబులోనే కూర్చుంది. గంటకోసారి ఇంక్యుబేటర్ తలుపు తెరిచి సీసా వెలుగులో పట్టుకుని చూసేది. ఊరికే అలా తెరిస్తే వేడి పోతుందని మమ్మల్ని గదిమే మనిషి. సీసా తేటగానే ఉంది. ఇక్కడ వార్డులో సూదిమందుకి పిల్ల జ్వరం దిగిపోయింది, మంచం కమ్మీలు పట్టుకుని నిలబడి అరుస్తోంది. కూతురి మొహంలో మళ్లీ కళ వచ్చింది. మూడో రోజు పొద్దున్న డాక్టర్ రిపోర్టు చూసి, వైరస్సే అయ్యుంటుంది, మందు ఆపేసి ఇంటికి పంపేద్దాం అన్నాడు.

ఆగమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంకో వారం సూదిమందు వేయించకూడదా?" అని నీళ్లు నములుతూ అడిగింది.

డాక్టర్ పకపకా నవ్వాడు. ఈ మాట ఇంకో అమ్మమ్మ అని ఉంటే మీరే ఆవిడ భరతం పట్టేవారు కదా, అక్కర్లేని మందు ఒక్క చుక్క కూడా వద్దని నాకు చెప్పింది మీరే కదా అన్నాడు. మేమంతా నవ్వాం. కూతురు కూడా, ఊరుకో అమ్మా, నీకు మరీ ఎక్కువైపోయింది అంది. ఆవిడకి అప్పుడు కూడా నోరు తెరిచే వీలుంది. తెరవలేదు. పిల్లకి టోపీ పెట్టి నేనే గేటు దాకా ఎత్తుకెళ్లి దింపొచ్చాను.

ఇంటికి పంపిన అయిదో రోజు మధ్యాహ్నం కూతురు పిల్లని చేతుల మీద వేసుకుని పరిగెత్తుకొచ్చింది. ఫిట్స్. మాడు ఉబ్బి ఉంది, మెడ కర్రలా బిగుసుకుపోయింది, కళ్లు పైకి వెళ్లిపోయాయి. వెన్నులోంచి నీరు తీస్తే గంజిలా తెల్లగా వచ్చింది. మెదడు చుట్టూ ఉండే పొరల్లో చీము. డాక్టర్ మొహం మాడిపోయింది. అయిదు రోజుల కింద సీసాలో ఏమీ లేదే, ఏమీ లేదే అని రెండుసార్లు తనలో తనే అనుకున్నాడు.

అప్పటికి మళ్లీ పనిలో చేరిన ఆగమ్మ ఆ నీరున్న సీసా ల్యాబుకి తీసుకెళ్లి ఇచ్చేసి, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పోయినసారి ఫారం తియ్యి" అంది.

తీసిచ్చాను. నా పెన్నే తీసుకుంది. నేను పెట్టిన టిక్కు అడ్డంగా కొట్టేసి, 'ఇచ్చారు' గడిలో టిక్కు పెట్టింది. దాని కింద, ఏ మందో, ఎంతో, ఏ పూటో రాసింది. మొదటి రోజు సాయంత్రం ఒక చెంచా, రెండో రోజు పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. పెద్ద మనవడికి చెవిపోటు వచ్చినప్పుడు కొన్న యాంటీబయాటిక్ సిరప్‌లో విప్పని సీసా ఒకటి ఇంట్లో మిగిలిందట. అందులోని పొడిని కాచి చల్లార్చిన నీళ్లతో కలిపి పోసిందట. చివర సంతకం పెట్టి తారీఖు వేసింది. రాత ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

ఎందుకక్కా అని అడిగాను.

"పిల్ల కాలిపోతోంది. నేనొక్కదాన్నే ఉన్నాను. పట్టుకుని చూస్తూ కూర్చోలేకపోయానే" అంది. "ఇక్కడికొచ్చాక చెప్దామనే అనుకున్నాను. ఆరో మంచం తల్లి చూస్తోంది. నోరు రాలేదు" అంది.

ఆ కాగితం తానే తీసుకెళ్లి డాక్టర్ చేతిలో పెట్టింది. ఆయన చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పి ఉంటే ఆ రోజే వెన్నులో నీరు తీసేవాణ్ణి, మందు ఆపి ఉండేవాణ్ణి కాదు అని చిన్నగా అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బావుండేది. కూతురు అక్కడే మంచం పక్కన నిలబడి అంతా విన్నది. తల్లి మొహంలోకి చూసింది.

"ఎంతమంది తల్లుల్ని తిట్టావమ్మా నువ్వు" అంది.

అంతే. ఆ తర్వాత చాలా నెలలు కూతురు ఆవిడతో మాట్లాడినట్టు నాకు తెలియదు.

పిల్ల బతికింది. ఇరవై ఒక్క రోజులు సూదిమందులు. ఇంటికి పంపేరోజున మేమందరం చుట్టూ చేరాం. అయినవాళ్లకి బాగైనట్టు సంబరపడ్డాం. నెల తర్వాత వినికిడి పరీక్షకి పిలిచారు. మెత్తటి గోడల గది. పిల్ల తల్లి ఒళ్లో కూర్చుని బొమ్మ నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది. వెనకనుంచి గిలక ఆడించారు, గంట కొట్టారు, డప్పు కొట్టారు. పిల్ల బొమ్మ నోట్లోంచి తియ్యలేదు. మిషను పెట్టి చూశారు. ఆ జబ్బుకి రెండు చెవులూ పోయాయి.

తప్పు ఎవరిదంటే నేను ఆవిడొక్కదాని నెత్తిన వెయ్యను. మూడు చెంచాలు పోసింది ఆవిడ. అడగకుండా టిక్కు పెట్టింది నేను. ఆవిడకి తప్పంటూ ఉండదని వార్డంతా కలిసి నమ్మాం, ఆ నమ్మకం పోగొట్టుకోలేక ఆవిడ పిల్లనే పోగొట్టుకోబోయింది. ఇంత తెలిసీ నాకు ఆవిడ మీద కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు, ఎవరేమనుకున్నా సరే.

ఆ తర్వాత ఇంకో మూడేళ్లు పనిచేసింది. వరండాలో ఆ కేక ఆగిపోయింది. శాంపిల్ తియ్యడానికి వస్తే తల్లి పక్కన మంచమ్మీద కూర్చునేది. గొంతు తగ్గించి, మా మనవరాలికి నేను మూడు చెంచాలు పోశానమ్మా, నువ్వెన్ని పోశావు అని అడిగేది. తల్లులు చెప్పేసేవాళ్లు. కొందరు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చి మరీ చెప్పేవాళ్లు. ఆ మూడేళ్లలో మా ఫారాల్లో 'ఇచ్చారు' గడి నిండినంత అంతకుముందెప్పుడూ నిండలేదు. పోనీలే, దానివల్ల ఇంత మంచి జరిగింది కదా అని మా సూపర్నెంటు ఒకసారి నాతో అంది. ఆ సూపర్నెంటు చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

ఒక్కసారి మాత్రం ఆ కేక మళ్లీ విన్నాను. పిల్లకి ఏడాదిన్నర దాటింది, నడక వచ్చేసింది. చెవి డాక్టర్‌కి చూపించడానికి కూతురు తీసుకొచ్చింది. కౌంటర్ దగ్గర కాగితాలు తీసుకుంటూ ఒక్క క్షణం చెయ్యి వదిలింది. పిల్ల వరండాలో పడి బుడిబుడి అడుగులతో మెట్ల వైపు నడవడం మొదలుపెట్టింది. మెట్లు నిటారుగా ఉంటాయి, పద్దెనిమిది. అప్పుడే ల్యాబు తలుపు తెరుచుకుని ట్రేతో బయటికొచ్చిన ఆగమ్మ ఆ చివర నుంచి చూసింది.

"ఆగు, ఆగు తల్లీ" అని అరిచింది.

ఎన్నేళ్ల అలవాటో. వార్డు గుమ్మంలో సిరంజీ పట్టుకున్న నేను ఆగిపోయాను. ట్రాలీ తోస్తున్న ఆయా ఆగిపోయింది. బెంచీల మీద తల్లులు బిడ్డల్ని గట్టిగా పట్టుకుని తలలు తిప్పారు. ట్రే కిందపడి సీసాలు పగిలాయి, ఆ చప్పుడుకి ఒకరిద్దరు పసివాళ్లు ఏడుపు అందుకున్నారు. కూతురు ఒక్క ఉరుకున వెళ్లి మొదటి మెట్టు మీద పిల్లని అందుకుంది.

పిల్ల అప్పటిదాకా నడుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.